మొగిలక్క గుడ్డు పులుసు

ఇది మూడో ఆదివారం.
చింతపండు పోయినేడుదే, నల్లగైంది ఏరి తెచ్చిన.
చపాట కారం. ఎల్లిగడ్డ పొట్టుతోనే దంచిన.
గుడ్లకు గాట్లు దారంతోనే పెట్టిన,
ఆమె కత్తి ముట్టేది కాదు.

ఎనుమాముల యార్డు గేటు కాడ
నాలుగు రేకుల కింద ఆమె హోటలు.
బస్తాలు దించొచ్చి నాయిన
ఒక్కటే గుడ్డు చెప్పేటోడు, నా పళ్లెంలకు.
ఆయనకు ఉత్త పులుసు. అడగకముందే
మల్లా పోసేది మొగిలక్క, లెక్క రాయకుంట.

రుచి చూసిన. పులుపుంది, కారముంది.
సంపత్ ఏళ్లు నాకి
"బాగనే ఉంది గదనే" అన్నడు.
బాగనే ఉంటే ఏం లాభం?

మొండికేసి
ఇంకో గుప్పెడు మిరపకాయలు
వట్టి పెంక మీద మాడబెట్టిన.
ఆయన తుమ్మిండు. నేను తుమ్మిన.
పక్కింటోళ్ల కిటికీ దబ్బున పడ్డది.

అగో, అప్పుడు యాదికొచ్చింది.
మిర్చి సీజన్ల ఆ గేటు కాడ
తుమ్మకుంట, కండ్లు తుడుసుకోకుంట
ఒక్క ముద్ద తిన్నోళ్లు లేరు.

లేచి ఫ్యాను బందు చేసిన.
"తలుపు తియ్యకు" అన్న, ముక్కు చీదుకుంట.
"కూసో. ఇప్పుడు తిందాం."