ఆరో వార్డు దీపం

బారువ పంచాయతీలో ఆరో వార్డు మెంబర్ని.
మూడేళ్ళు అడగ్గా అడగ్గా దీపస్తంభం వేశారు,
సముద్రానికి ఎదురుగా నాలుగు సిమెంటు బల్లలు కూడా.
మొదటి రోజే బల్లల మీద మైలపల్లి ఎర్రమ్మ
నెత్తళ్ళు ఎండేసింది.
"టూరిస్టులకమ్మా అవి" అన్నాడు సెక్రటరీ.
"ఆలొచ్చీసరికి ఎండిపోతాయిలే బావూ."

దీపం మాత్రం అందరిదీ.
తెప్ప దించేచోట గాజుపెంకు గుచ్చుకోవడం లేదు.
ముసలాళ్ళు అర్ధరాత్రి దాకా పేకాడారు.
సూరాడ దానేసు నవ్వితే
ముందుపన్ను లేదని ఊరంతటికీ తెలిసింది.

ఫాల్గుణం వెళ్ళాక ఒక రాత్రి
ఇసక కదిలింది.
అగ్గిపెట్టంతేసి తాబేలు పిల్లలు
నీటివైపు కాదు, మా దీపంవైపు.
స్తంభం మొదట్లో ఒకదానిమీదొకటి ఎక్కి
సముద్రం ఇదేనా అని తడుముకుంటున్నాయి.

పెట్టె తలుపు తెరిచి
నా చేత్తోనే మీట కిందికి లాగాను.
పేకాటలోంచి ఎవరో తిట్టారు.
ఎర్రమ్మ చేపలబుట్ట దులిపి, వాటినెత్తి వేసుకుని
నీళ్ళదాకా నడిచింది.
చీకట్లో
బుట్టని గీరుతున్న కాళ్ళ చప్పుడు.

రిజిస్టరులో దీన్ని ఏ పద్దు కింద రాయాలో
రేపు సెక్రటరీనే అడగాలి.