సముద్రం పైన

ఆటో టాపులు కుట్టే చేతికి
ఫెల్టు గుడ్డ పిల్లి మెడలా తగిలింది.
పదిహేనేళ్లుగా రెగ్జిను, కాన్వాసు, దబ్బనం.
అల్లిపురంలో నా కొట్టు ముందు
వానలకి వారం ముందు వరసకట్టే ఆటోలు.
గట్టిగా గుచ్చితేనే దిగే లోకం నాది.
ఇదేమో
ఊపిరి తగిలినా పక్కకి జరుగుతోంది.

కుందన గీసిన బొమ్మ
లెక్కల పుస్తకం నడిమి పేజీ,
పిన్నులతో సహా ఊడబెరికింది.
"దీన్ని చాపలా కుట్టు నాన్నా, కూచుని ఆడుకుంటాను"
అంది, సీటు కవరు మార్చమన్నంత తేలిగ్గా.

పూర్ణా మార్కెట్లో కొట్టతను
నన్నూ, నా గోళ్ళలో గ్రీజునీ చూసి
"స్కూలు ప్రాజెక్టా?" అన్నాడు.
అవునన్నాను.
నీలం మీటరున్నర, ఆకుపచ్చ మీటరు.
పసుపు జానెడు చాలన్నాను.
చాలదని తర్వాత తెలిసింది.

బొమ్మలో ఊరు మాదే.
డాల్ఫిన్ నోస్ కొండ
అన్నం తిని పడుకున్న కుక్క.
దాని నెత్తిన లైట్‌హౌసు, ఊడిపోబోయే రిబ్బను.
బీచిలో సబ్‌మెరైన్‌కి కనురెప్పలు,
లెక్కపెట్టాను, పదకొండు.
రోప్‌వే డబ్బా ఒకటి తీగ వదిలేసి
సింహాచలం వైపు నడిచిపోతోంది, చెప్పులేసుకుని.
మేడల మీద సముద్రం, సముద్రం మీద ఓడ.
ఆకాశానికి చోటే లేదు.

షట్టరు సగం దించి
రాత్రి కత్తిరించడం మొదలెట్టాను.
ముందు సముద్రాన్ని కిందికి దించాను.
ఊరన్నాక ఓ పద్ధతుండాలి కదా.
అంచుకి కాజా కుట్టు వేసి
తెల్లారి చూపించాను.

చాలాసేపు చూసింది. ఏడవలేదు.
"ఇది మన ఊరు కాదు."
"ఏటమ్మా, అన్నీ ఉన్నాయి కదా?"
"సముద్రం పైన కదా ఉంటాది."

ఆ సాయంత్రం స్కూటరు ముందు నిలబెట్టుకుని
పెదవాల్తేరు నుంచి బీచికి దిగుతున్నాను.
మలుపు తిరగ్గానే "అదిగో!" అంది.
బ్రేకేశాను.
రోడ్డు చివర నీళ్ళు నిలువుగా లేచి ఉన్నాయి.
వాటర్ ట్యాంకుల పైన,
ఆరేసిన చీరల పైన
ఓడ ఒకటి, నింపాదిగా.
రోజూ దిగే రోడ్డే.
నేనెప్పుడూ గుంతలే చూశాను.

కుట్లన్నీ విప్పాను.
రెగ్జినైతే తప్పుని మర్చిపోదు,
గుచ్చిన ప్రతి చోటా కన్ను తెరిచే ఉంచుతుంది.
ఫెల్టు మీద బొటనవేలితో ఓసారి రుద్దితే
ఏ మచ్చా లేదు.
ఇలాంటి గుడ్డ ఒకటుందని
ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు.

మిగిలింది ఒక కిటికీ.
అది ఉన్న మేడ కన్నా పెద్దది,
పసుపు పెన్సిలు విరిగేదాకా దిద్దింది.
ఇదేంటని అడగలేదు.
సత్యవేణి నైట్ డ్యూటీ చేసే వార్డు
కేజీహెచ్‌లో మూడో అంతస్తు.
జానెడు గుడ్డ చాలక
మళ్ళీ మార్కెట్‌కెళ్ళాను.
మూడు వైపులే కుట్టి
పైన వదిలేశాను, జేబులా.

నాలుగో రోజు తెల్లవారుజాము.
ఆఖరి ముడి వేసి చూస్తే
సూది ఒకటి తగ్గింది.
పిల్ల లేచి కూచునేది దీని మీదే.
మోకాళ్ళ మీద వంగి
అరచేత్తో ఊరంతా తడిమాను.
కొండ, కొండ వెనక యారాడ,
కనురెప్పలు ఒక్కొక్కటీ,
సముద్రం ఈ కొస నుంచి ఆ కొసకి.
కిటికీలో వేళ్ళు పెట్టి చూశాను.
చాక్లెట్ కాగితం తగిలింది, మడత పెట్టి ఉంది.
అప్పుడే ఎప్పుడు దాచిందో.

గుమ్మంలో చెప్పుల చప్పుడు.
"ఏటి, నేల మీద ఈదుతున్నావు?"
సత్యవేణి వంగి
నా చొక్కా కాలరు నుంచి సూది లాగింది.
వాచిన పాదాలతో
చాప అంచున కూలబడింది.
"సముద్రం తలకిందులైందేటి?" అంది.

చెప్దామనుకునేలోగా
మంచం మీద నుంచి నిద్రగొంతు:
"అమ్మా, కాళ్ళు తియ్యి, ఓడొస్తంది."