రెండు గేర్ల మధ్య

"ఆటోమేటిక్కే తీసుకోండి, ఎర్సిలియా గారూ,
రెప్పపాటులో ఎనిమిది గేర్లూ అదే మార్చుకుంటుంది,"
అన్నాను. కాగితం మీద అంకెలూ అదే మాట అంటున్నాయి.

ట్రియెస్తే కొండదారుల్లో ముప్ఫై ఏళ్లు
బస్సు నడిపిన మనిషి.
ఎడమ మోకాలికి కట్టు.
రెండు సీట్ల ఎర్రకారులో కూర్చుని
స్టీరింగు వెనక మీటల్ని
పులుసులో వెంట్రుకల్ని చూసినట్టు చూసింది.

"ఒక గేరు వదిలాక, ఇంకోటి అందేలోపు
బండి ఎవరిదీ కాదు, గమనించావా?
అక్కడ బోరా గాలి ఈల వినపడుతుంది.
ముప్ఫై ఏళ్లు దాన్ని టైంటేబుల్‌కి అమ్ముకున్నాను.
ఇప్పుడు నాకే కావాలి."

మాన్యువల్‌కి సంతకం పెట్టింది.

షోరూము గేటు దాటగానే
ఒక్క కుదుపుతో ఇంజను ఆగిపోయింది.
వెనక హారన్లు.
ఆవిడకేం తొందర?
అద్దం దించుకుని
గాలి వింటోంది.