ఎడమచేతి గ్లౌజు

జెబమణి మిస్ జిరాక్స్ తీసి ఇచ్చిన కథ ఏడు పేజీలు.
అందులో ఒక దొర, మంచు, గుర్రబ్బండి.
మొదటి పేజీలోనే దొర ఎడమచేతి గ్లౌజు
దారిలో ఎక్కడో జారిపోతుంది.
మిగతా ఆరు పేజీలూ ఆయన కిటికీ దగ్గర కూచుని
కుడిచేతిదాన్ని చూసుకుంటా ఉంటాడు.

చదివి మీకేమనిపించిందో రాయండి, అంది మిస్.
గైడులో ఉండదు, వెతక్కండి.
ప్లస్ వన్ బీ సెక్షన్, నలభై మందిమి
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
మాకేమనిపించిందని
ఇంతవరకూ ఏ పరీక్షా అడగలేదు.

"కథ బాగుంది. మంచు తెల్లగా ఉంది. దొర మంచివాడు."
ఇదీ నేను మొదట రాసింది.
పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే మాట: ఎందుకు?

ఎందుకంటే ఏం చెప్పేది.
నేను చూసిన మంచల్లా
కాసిమేడులో చేపల పెట్టెల మీద పోసే ఐసు.
దాంట్లో సన్నగా నెత్తుటి చార ఉంటుంది,
గోనెపట్టా వాసనొస్తుంది.
అదీ రాశాను.
మిస్ దానికింద గీత గీసింది.
తప్పనో, బాగుందనో
అడగలేకపోయాను.

గురువారం బోర్డు మీద రెండో ప్రశ్న:
గ్లౌజు దేనికి గుర్తు?
ఒంటరితనానికి, అంది ఫర్హానా.
చచ్చిపోయిన భార్యకి, అంది కయల్‌విళి.
కథలో భార్యే లేదు, అయినా మిస్ తలాడించింది.
నా వంతొచ్చింది.
గ్లౌజు గ్లౌజుకే గుర్తు మిస్, అన్నాను.
అందరూ నవ్వారు.
బాగుండదని నేనూ నవ్వాను.

మా ఇంట్లో రెండు జతలున్నాయి.
నారింజ రంగు రబ్బరువి, కార్పొరేషన్ ఇచ్చినవి.
ఒక జతకి బొటనవేలి కాడ చిరిగితే
నాయన సైకిల్ ట్యూబు ముక్క అతికించాడు.
రెండోది పాలిథిన్ కవర్లోంచి తియ్యలేదు.
అది పెద్దాఫీసరొచ్చి ఫోటో తీసే రోజుకి.
అసలు కాలవలోకి చెయ్యి పెట్టేటప్పుడు
రెండూ తీసేస్తాడు.
వేళ్ళకి తెలియాల గదా, అంటాడు,
గాజుపెంకా, గుడ్డపీలికా అని.

ఇది ఏ పేజీలో రాయాలో తెలియలేదు.

రాత్రి కరెంటు పోయింది. పుళియంతోపంతా చీకటి.
మస్తానమ్మవ్వకి కథ మొత్తం తెలుగులో చెప్పాను.
ముప్పై ఏళ్ళు మింట్ స్ట్రీటు ఊడ్చిన మనిషి,
దొర ఏడుస్తుంటే విసనకర్ర ఆపి వింది.
చివరికి అడిగింది:
"మంచు కరిగినాక ఆ ఈది ఎవురు ఊడ్చిందీ?"

సెల్‌ఫోన్ వెలుగులో ఏడు పేజీలూ మళ్ళీ తిరగేశాను.
గుర్రానికి పేరుంది.
బండివాడికి పేరుంది, దగ్గు కూడా ఉంది.
ఊడ్చే మనిషి లేదు.

"ఉంటదిలే" అంది అవ్వ.
"తెల్లారేలోపల ఎవురో ఒకరు తీసుంటారు.
నాకు చిన్నపిల్ల బూటు దొరికింది,
కమ్మ దొరికింది,
ఒకసారి పళ్ళసెట్టు దొరికింది, పై వరస.
జతలో ఒకటే దొరికేది ఎప్పుడూ.
రెండూ పారేసుకునేవోడు నాకు కనపళ్ళా."

ఆ మాటలు ఇంగ్లీషులో పెట్టడానికి
తెల్లవారుజాము దాకా పట్టింది.
'పళ్ళసెట్టు' దగ్గర చాలాసేపు ఆగిపోయాను.
మిస్ మూడు స్పెల్లింగులు దిద్ది,
కింద రాసింది: కథలో ఉన్నదే రాయాలి. పదికి నాలుగు.
కానీ నోటుబుక్ ఇచ్చేటప్పుడు
వెంటనే చెయ్యి తియ్యలేదు.
మీ అవ్వ ఇప్పుడెక్కడుంది, అని అడిగింది.
ఇంట్లోనే మిస్, అన్నాను.

క్వార్టర్లీలో అదే ప్రశ్న వచ్చింది.
ఒంటరితనానికి, అని రాశాను.
ఐదుకి ఐదు.

సాయంత్రం ఆ సంగతి చెబితే
అవ్వ మార్కులడగలేదు.
"ఇంకోటి కొనుక్కున్నాడా ఆయన?" అంది.
కథ అయిపోయిందవ్వా.
"అయిపోతే మాత్రం,
ఎడమచెయ్యి ఇంకా చల్లగానే ఉంటది గదమ్మీ."