గోరువెచ్చన

నవంబరులో మొదలవుతుంది.
పాల సీసా అందుకుంటే చాలు,
ముందు ఉంగరపు వేలు పాలిపోతుంది,
తర్వాత నడిమి వేలు, ఆ పక్కది.
ఎవరో కణుపు దగ్గర దారం బిగించినట్టు
అక్కడిదాకా నేను,
అక్కణ్ణించి సుద్దముక్క.

కాళ్ళ సంగతి మేజోళ్ళకే తెలియాలి.
మూడు జతలు తొడుక్కుని పడుకుంటాను.
రాత్రి నా పాదం తగిలిందంటే
ఎండెల్ నిద్రలోనే గోడకి జరుగుతాడు,
జానెడు.

హాప్సాలులో పియానోలు శ్రుతి చేస్తాను.
బడులవి, చర్చీలవి,
చనిపోయిన పిన్నమ్మలు ఎవరికీ రాసివ్వకుండా వదిలేసినవి.
పొయ్యి వెలిగించని గదుల్లో పని.
తీగ కదిలిందో లేదో చెవి చెబుతుంది.
చేతిలో మీట ఉందో లేదో
చెయ్యి చెప్పదు.

ఎదురింటి సల్మే నలభై ఏళ్ళు నర్సు.
నా వేళ్ళు తిప్పి తిప్పి చూసింది, చేపలు బేరమాడేదానిలా.
"ముందు డాక్టరు దగ్గరికెళ్ళు, రక్తం చూపించుకో.
లోపల ఇంకేం లేదంటే అప్పుడు నా దగ్గరికి రా."
ఇంకేం లేదన్నారు.
వెళ్ళాను.

"నీ రక్తనాళాలు పిరికివే, మైమూ.
చలి వీధి మలుపులో ఉండగానే తలుపులేసుకుంటాయి.
బాదితే తియ్యవు. నచ్చచెప్పాలి."

రెండు తొట్లు.
ఒకటి వంటింట్లో, ఒకటి వరండాలో.
రెండింట్లోనూ గోరువెచ్చని నీళ్ళే.
లోపల అయిదు నిమిషాలు చేతులు ముంచి,
పల్చటి చొక్కాతో బయటికి, అక్కడ పది,
మళ్ళీ లోపలికి.
ఒళ్ళంతా గజగజ,
మణికట్టు కింద మాత్రం వేసవి.
చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడంటారు గానీ
ఇక్కడ తోడు కావలసింది నాకు.
వరండా మంచులో, తొట్టి ముందు వంగి,
ఎవరి గిన్నెలో కడుగుతున్న దానిలా నేను.
పాలబ్బాయి రెండోరోజు నుంచి పలకరించడం మానేశాడు.

రోజు విడిచి రోజు.
తలుపు మీద సుద్దగీతలు.
పదకొండో గీత దగ్గర నాకు ఓపిక పోయింది.

ఎండెల్ తమ్ముడు టార్మో
సముద్రం మీది మంచులో గొయ్యి కోశాడు.
దూకడం, కేకేయడం, ఎర్రగా నవ్వడం అతనికి.
నేను పాదాలు మాత్రమే పెట్టాను,
ఇరవై అంకెలు లెక్కపెట్టానో లేదో.
రెండు బొటనవేళ్ళూ కొవ్వొత్తులయ్యాయి,
ముప్పావుగంట.
తర్వాత రక్తం వచ్చింది,
మేకులు మూటగట్టుకుని వచ్చింది.
పొక్కులు.

సల్మే రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు కట్టు కడుతూ అడిగింది:
"తీగ ఎప్పుడు తెగుతుంది?"
నాకు తెలియనిదా.
ఒక్కసారే గుంజితే.
పావు మలుపు, ఆగు, విను, మళ్ళీ పావు:
ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మాట
నా చీలమండలకు చెప్పలేదు.

పుండు మానేదాకా ఆగాను.
మళ్ళీ ఒకటో గీత.
ఫిబ్రవరి గడిచింది,
వరండాలో పది నిమిషాలు పన్నెండయ్యాయి.
కాళ్ళకి వంటింటి రాతి నేల, ఆ తర్వాత గడప,
గడప దాటడం వచ్చే ఏడు చూద్దాం అంది సల్మే.

నిన్న నోరోట్సి చర్చిలో
నా ఊపిరి నా కళ్ళజోడు మీదే కూర్చుంటోంది.
మధ్య స్థాయి తీగల దగ్గర
చూపుడు వేలి కొస తెల్లబడడం చూశాను.
ఆగలేదు. తొట్టిని తలుచుకున్నాను,
వరండా చెక్క కిర్రుమనడం,
నీళ్ళమీది ఆవిరి.
మణికట్టులో ఎక్కడో గడియ తీసిన చప్పుడు,
చప్పుడు కాదు, అలాంటిది.
ఆలస్యంగా, ఒకదాని వెనక ఒకటి,
గొర్రెలు దొడ్డికి చేరినట్టు
ఎరుపు ఇంటికొచ్చింది.

ఉంగరపు వేలికి రాలేదు.
అయిదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయా.
దాన్ని నోట్లో పెట్టుకుని
మిగిలిన తీగలు ఎడమచేత్తో ముగించాను.
పాస్టరు గారు చూసి చూడనట్టు కొవ్వొత్తులు సర్దారు.

రాత్రి మేజోళ్ళు ఒక్క జతే.
పాదం తగిలింది.
ఎండెల్ జరిగాడు,
బెత్తెడు.