రెండో కుర్చీ

నా గదిలో మొదటి తొమ్మిదేళ్ళు
ఒకే స్టూలు.
దాని మీద రోగి.
వెంట వచ్చినవాళ్ళు గోడకు.

చెంగల్రాయుడు ఏడు నెలలు ఆ గోడకే నిలబడ్డాడు.
భార్య ఫైలు, స్కాను కవరు, నీళ్ళ సీసా,
చంకలో మడిచిన దుప్పటి.
పీలేరు నుంచి తొలి బస్సు.
అతని పేరు నేను అడగలేదు.
కేసు షీటులో ‘భర్త’ అని రాసుకున్నాను,
అదే పేరనుకున్నాను కాబోలు.

ఆమె పోయిన పదహారో రోజు
మిగిలిన మాత్రలు పట్టుకొచ్చాడు.
“ఖరీదైనవి డాక్టరమ్మా, ఎవురికైనా పనికొస్తాయని.”
లెక్కపెట్టి ఇచ్చాడు. పదకొండు.
తర్వాత స్టూలు వైపు చూశాడు.
“రోంత సేపు కూసోవచ్చా?”

ఆ సాయంత్రం గాంధీ రోడ్డులో
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొని
స్కూటరు వెనక కట్టుకుని తెచ్చాను.
కనువిప్పు అని చెప్పుకోను,
ఇరవై రూపాయలకి బేరమాడాను కూడా.

గురువారాలు మూడింటికి
రేడియేషన్ గది వెనక వరండాలో కలుద్దామని కాగితం అంటించాను.
తొలిరోజు ఇద్దరొచ్చారు.
ఒకామె బస్సు పాసు మీద సీలు కోసం.
రెండోవాడు దొరసామి:
తల్లి కాలినొప్పికి మూడుసార్లు పుత్తూరు కట్టు కట్టించి
నాలుగోసారి మా దగ్గరికి ఎత్తుకొచ్చినవాడు.
“నా వల్లనే ఆలస్సమైంది” అన్నాడు.
కణాల గురించి, దశల గురించి
పావుగంట చెప్పాను.
శ్రద్ధగా విన్నాడు.
“నా వల్లనే” అన్నాడు మళ్ళీ.
సీలు కోసం వచ్చినామె డబ్బా మూత తీసి
సంగటి ముద్ద సగానికి విరిచింది.
“పొద్దున్నించీ ఏమన్నా తిన్న్యావా నాయనా?”
వాడు ఏడ్చింది అప్పుడు.

ఆ ప్రశ్న నోటుబుక్కులో రాసుకున్నాను,
మందుల మోతాదులు రాసుకునే పేజీలో.

‘ధైర్యంగా ఉండు’ అని ఇక్కడ ఎవరూ అనకూడదు.
ఆ నియమం పెట్టింది నేను కాదు, మునిలక్ష్మి.
“ధైర్యం సంగతి నేను చూసుకుంటా,
వొడ్డీ లేకుండా అప్పు పుట్టే చోటు చెప్పండి” అంది.

ఇంకా రెడ్డెమ్మ.
తిరుపతిలో గుండు కనిపిస్తే
ఎందుకని అడిగేవాళ్ళుండరు.
అందుకే ఈ ఊరంటే ఆమెకు ఇష్టం.
ఆస్పత్రి గేటు దాటిందంటే
వేల గుండ్లలో ఒక గుండు,
పైగా చందనం పూసుకునేది.
పుంగనూరు బస్సెక్కే ముందు
ఎవరినో బతిమాలి రెండు లడ్లు సంపాదించేది,
వీధిలో పంచడానికి.
“దర్శనం బాగా అయిందా రెడ్డెమ్మా?”
“అయిందిమా. శానా దగ్గిరగా చూసినా.”
ఆ మాట వరండాలో చెప్పి తనే ముందు నవ్వింది,
తర్వాత దొరసామి, తర్వాత నేను,
నవ్వు ఆగక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.
ఐదో కీమోకి ఆమె రాలేదు.
లడ్డు తిన్న వీధికి
ఇప్పటికి తెలిసుంటుంది.

వచ్చే మార్చికి నా ఉద్యోగం అయిపోతుంది.
సభల్లో ఎంతమంది బతికారని అడుగుతారు,
ఆ అంకెలు నా దగ్గరున్నాయి.
వరండాలో ఇప్పుడు నలభై ఒక్క కుర్చీలు,
మూడింటికి కాళ్ళు సరిగా లేవు.

ఇప్పటికీ తలుపు తెరుచుకుంటే
నా చూపు ముందు రోగి మీదికే పోతుంది.
చదువు అలాంటిది.
బయట చెంగల్రాయుడు కుర్చీలు లాగుతుంటాడు,
నేల గీసుకుపోయే ఆ చప్పుడుకి
తల తిప్పుతాను.
గోడ దగ్గర
ఎవరో ఒక అమ్మాయి, చంకలో దుప్పటి.

“కూర్చో. నీ పేరేంటి?”