ఒర కుట్టింది నేను

కత్తి ఓయివాది. ఒర నాది.
మొగుడూ పెళ్లాలం కాము, పక్కపక్క షెడ్లవాళ్లం.
కౌహవా బడి వ్యాయామశాలలో, జూన్ శనివారం,
బాస్కెట్‌బాల్ గీతల మీద పరిచిన ముప్పై బల్లల్లో
మాది తలుపు పక్కది, గాలికి రసీదులు ఎగిరేది.

తొమ్మిదింటికే వచ్చేశారు వాళ్లు,
మెడలో భూతద్దాలు, జేబుల్లో మెత్తటి గుడ్డలు.
రాగానే కత్తి దూస్తారు,
ఒరని బల్ల మీద పడేస్తారు
నారింజ తొక్కలా. కాదు,
తొక్కనైతే ఎక్కడ వేయాలా అని ఒక్క క్షణం వెతుక్కుంటారు.

ఒకాయన అంచుని కిటికీ వెలుగుకెత్తి
ఓ కన్ను మూసి ఊపిరి బిగబట్టాడు.
ఇంకొకాయన ముంజేతి వెంట్రుకలు గొరుక్కుని
నున్నటి చోటు నాకు చూపించాడు, నేనేదో అడిగినట్టు.
స్వీడన్ నుంచి వచ్చిన జంట
పిడిలో పేర్చిన బెరడు పొరలు లెక్కపెట్టారు:
ఆవిడకి నలభై ఒకటి, ఆయనకి నలభై మూడు,
మధ్యాహ్నం దాకా ఇద్దరికీ మాటల్లేవు.

"ఉక్కులో కార్బన్ ఎంత?"
"నీళ్లలో ముంచారా, నూనెలోనా?"
ఓయివా అన్నిటికీ ఒకటే జవాబు: "ఊఁ."
ముప్పై ఏళ్లుగా నాతోనూ అంతే.

నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటి:
"ధరలో తొడుగు కూడా కలిసే ఉందా?"

తొడుగు!
ఓ పూట నానిన తోలుని కత్తి చుట్టూ లాగి
తడి ఆరేలోగా కుట్టెయ్యాలి.
మొన తోలుని చీల్చకుండా లోపల చెక్క తొడగాలి.
మైనం పట్టించిన దారం, రెండు సూదులు,
ఒకే రంధ్రంలో ఎదురెదురుగా, ఒకదాన్నొకటి పొడుచుకోకుండా.
ఆపైన ఎముకతో రుద్ది రుద్ది
పిడి ఎక్కడ సన్నబడిందో అక్కడ తోలుకీ నడుము తేవాలి.
కత్తి మీద సాము గొప్పే.
కత్తి చుట్టూ కుట్టు చేసి చూడమనండి.

రెండు దాటాక వచ్చాడు ఆర్మస్,
ఓడ ఇంజన్ల దగ్గర ఒక చెవి పోగొట్టుకుని రిటైరైనవాడు.
అతను కత్తి దూయలేదు.
ఒరతో సహా ఎత్తి, మిగిలిన చెవికి ఆనించి
బొటనవేలితో పిడిని అంగుళం పైకి నెట్టి
మళ్లీ నొక్కాడు.
టక్.
మళ్లీ.
టక్.
పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.
ఐదోసారికి కళ్లు తెరిచి
ఒరని వెనక్కి తిప్పి, కుట్టు వెంట గోరు నడిపించి
ఓయివాని కాదు, నన్నడిగాడు:
"మీది ఎడమచేతి వాటం కదూ?"

ఆ చేతి మీద స్కేలుతో కొట్టిన పంతులమ్మ తర్వాత
దాన్ని పట్టించుకున్న మనిషి ఇతనే.
నా కుట్లు అటు వాలతాయి. ఎవరికీ కనపడదనుకున్నాను.
"ఊఁ" అన్నాను.
ఓయివా రోగం నాకూ అంటింది.

అతను కొనలేదు. ధర చీటీ చూసి,
దాన్ని మెల్లగా బోర్లించి, టోపీ సర్దుకుని వెళ్లాడు.

కొన్నది సెయినాయోకి పళ్ల డాక్టరు,
నాలుగింటికి, బేరమాడకుండా.
ఇంట్లో అద్దాల బీరువా ఉందట, లోపల దీపాలు,
కత్తి ఒకచోట, ఒర దానికి మూడు వేళ్ల దూరంలో.
"తోలులో ఉంచితే ఉక్కుకి తుప్పు. తెలుసుగా?"

తెలుసు. నిజమే.
కదలకుండా పడుకున్న కత్తిని నా తోలే తినేస్తుంది.
రోజూ తీసి, చేప కోసి, తుడిచి పెట్టేవాడి కత్తికి
ఆ జబ్బు రాదు.
ఒంటరి ఒర సంగతి వేరు:
ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున ముడుచుకుంటుంది,
ఓ రోజు తన కత్తే తనలో పట్టదు.

అందుకని చెప్పాను:
"నెలకోసారి కాసేపు లోపల పెట్టండి. చప్పుడు వినండి."
తలూపాడు,
పళ్ల సందుల్లో రోజూ దారం ఆడించమంటే
అతని రోగులు ఊపుతారే,
అచ్చం అలాగ.